హోమ్ పిల్లల వరుస

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున సింహాచలం మా ఇంటికి వచ్చింది. మా వైపు ఆ పేరు ఆడవాళ్ళకీ పెడతారు, మగవాళ్ళకీ పెడతారు. ఈమె నా ఈడు మనిషి. శృంగవరపుకోటలో బట్టలు కుట్టే దుకాణం నడుపుకుంటోంది. మా అమ్మకి మోకాళ్ళు పట్టేశాయని ఎవరో చెబితే విని, రెండు బస్సులు మారి, ఒళ్ళో పనసపండు పెట్టుకుని శ్రీకాకుళం దాకా వచ్చింది. వచ్చిన గంటలోపే ఇల్లంతా పనస వాసన. ముగ్గురం చేతులకి నూనె రాసుకుని, నేల మీద పాత పేపర్లు పరిచి, అమ్మకి కుర్చీ వేసి, తొనలు వలుస్తూ కూర్చున్నాం. మాటలు ఎక్కడెక్కడో తిరిగి బొబ్బిలి దగ్గరికి వచ్చాయి. అప్పుడు నేను, విజయనగరం స్టేషన్లో ఆ రోజు మీ అమ్మ నిన్ను ఎరగనని చెప్పడం ఇప్పటికీ నా కళ్ళ ముందు కనిపిస్తుందే అన్నాను. సింహాచలం తొన వలవడం ఆపలేదు. "ఆవిడ మాయమ్మ కాదు కదే. నానే పొరపడ్డాను. ఆ రోజే సెప్పాను కదా," అంది, పిండిలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా. ఇన్నేళ్ళుగా నేను నిజమని నమ్ముకున్నదాన్ని ఆమె అంత తేలిగ్గా తీసి పక్కన పెట్టేసరికి నాకు ఏమీ అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. అందుకే ఇదంతా రాసుకుంటున్నాను.

మాది భావనపాడు. మా అయ్య సముద్రం మీద బతికేవాడు గానీ ఆ సముద్రం మాది కాదు. ఊళ్ళో చాలామంది మగవాళ్ళలాగే గుజరాత్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద కూలికి వేటాడేవాడు. వానాకాలానికి ముందు కొన్నాళ్ళు ఇంటికొచ్చి, వలలు బాగుచేసుకుంటూ, నిద్రపోతూ గడిపి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. మా అమ్మ పదో తరగతి పాసైంది. మా వీధిలో అంతవరకు చదివిన ఆడవాళ్ళు అరుదు. చేపల గంప ఎత్తడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు, ఎత్తక తప్పేదీ కాదు. నేను ఐదో తరగతి పూర్తి చేసిన ఎండాకాలంలో, బొబ్బిలిలో ఆడపిల్లల హోముకి వార్డెను కావాలని తెలిసినవాళ్ళు చెప్పారు. స్టేషన్లలోను, బస్టాండ్లలోను, బజారు అరుగుల మీదను బతికే పిల్లల్ని తెచ్చి, తిండి పెట్టి, బడికి పంపి, కాస్త పెద్దవాళ్ళయ్యాక కుట్టుపని నేర్పించే చోటు అది. వార్డెనుకి ఉండడానికి గది, తిండి వాళ్ళే ఇస్తారు. అమ్మ ఒక ట్రంకు పెట్టె సర్దింది. అడుగున ఎవరికీ కనపడకుండా ఎండు నెత్తళ్ళ చేపలు కట్టిన మూట పెట్టింది. ఆ మూట వాసన తర్వాత ఏడాది పాటు మా బట్టలన్నిటికీ ఉండేది.

బొబ్బిలిలో బస్సు దిగి నడుస్తున్నప్పుడే అమ్మ నాకు సంగతి చెప్పింది. "ఇదిగో రత్నం, అక్కడ అందరూ నన్ను అమ్మా అనే పిలుస్తారట. నువ్వూ అలాగే పిలు. కానీ రాత్రి నా పక్కన తొంగోకు. హాల్లో ఆల్లతో తొంగో. వరసలో కూకుని తిను. నీకొక్కదానికీ ఏటీ యేరేగా పెట్టను. ఆ పిల్లలు సూత్తారు." నేను సరే అన్నాను. అప్పటికి అది పెద్ద విషయంగా అనిపించలేదు. రోజూ అమ్మ కనిపిస్తూనే ఉంటుంది కదా అనుకున్నాను. తీరా వెళ్ళాక తెలిసింది, అమ్మ కనిపించడం వేరు, దొరకడం వేరు అని. హాల్లో ఏ మూల నుంచి ఎవరు "అమ్మా" అన్నా ఆమె అటు తిరిగేది. నేను పిలిచినా అలాగే, అంతే వేగంతో, అదే ముఖంతో తిరిగేది. ఒకసారి పరీక్షిద్దామని గొంతు మార్చి పిలిచాను. అప్పుడూ అదే ముఖం.

అక్కడి పొద్దుల్ని ఇప్పుడు తలుచుకుంటే ముందు వాసనలే వస్తాయి. తెల్లవారుతూనే వంటమనిషి పెద్ద గుండిగలో చోడి అంబలి, అంటే రాగి జావ, కాచేది. కాస్త మాడిన ఆ చోడిపిండి వాసనకే సగం మందికి మెలకువ వచ్చేది. మిగతావాళ్ళని లేపడానికి అమ్మ స్టీలు కంచం మీద గరిటెతో కొట్టేది. తర్వాత తలలు దువ్వడం. కొత్తగా వచ్చిన పిల్లలకి పేలు ఎక్కువగా ఉండేవి కాబట్టి అందరికీ వేపనూనె రాయడం పద్ధతి. వరండాలో అమ్మ చిన్న పీట వేసుకుని కూర్చునేది, మేం ఒకరి వెనక ఒకరం నిలబడేవాళ్ళం. నేను ఎప్పుడూ చివర్న నిలబడేదాన్ని, నా వెనక ఇంకెవరూ లేకపోతే నా జడ కాస్త నెమ్మదిగా వేస్తుందని. కానీ నా దగ్గరికి వచ్చేసరికి బడి గంట వేళయ్యేది. అందరికన్నా వదులుగా, అందరికన్నా వంకరగా నా జడే ఉండేది. వెనక గదిలో కుట్టుమిషన్లు. అక్కడ మిషను నూనె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన. నేర్పే మాస్టారు ముసలాయన, పేరు అప్పలస్వామి, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే మాట్లాడేవాడు. "ఒలే, ముందు పేపరు మీద కత్తిరించండి. పేపరు ఏడవదు," అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. చిన్నవాళ్ళం కాబట్టి మాకు మిషను ముట్టుకునే అనుమతి లేదు, బొత్తాలకి కాజాలు కుట్టడం, కింద పడ్డ గుడ్డపీలికలు ఏరడం మా పని.

ఆరో తరగతిలో మునిసిపల్ బడికి వెళ్ళాను, హోము పిల్లలతోనే. దసరాకి ముందు ఎవరో పెద్దమనుషులు వచ్చి పుస్తకాలు పంచారు. టీచరు "హోమ్ పిల్లలు నిలబడండి," అంది. చుట్టూ అందరూ లేచారు. నేను కూర్చున్నాను. నాకు అమ్మ ఉంది, అయ్య ఉన్నాడు, ఊళ్ళో ఇల్లుంది. టీచరు నా వైపు చూసి, "నువ్వు కూడా కదా?" అంది. కాదని చెబుదామంటే, పొద్దున్న వాళ్ళతోనే అంబలి తాగాను, వాళ్ళ వేపనూనే నా తల మీద ఉంది. ఔనని లేద్దామంటే కాళ్ళు లేవలేదు. బెంచీ మీద చేతులు పెట్టి సగం లేచి, అలాగే వంగి ఉండిపోయాను. పుస్తకం ఇచ్చేశారు. సాయంత్రం అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వెళ్ళి అడిగాను, నేను హోమ్ పిల్లనా కాదా అని. అమ్మ చాట మీంచి తలెత్తకుండా, "కాళ్ళు కడుక్కున్నావా?" అంది. అది ఆమె అలవాటు. ఏదైనా కష్టమైనది అడిగితే ఇంకో ప్రశ్న వేసేది. నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఆ తరగతి అయిపోయే వేళకి మా అయ్య గుజరాత్ నుంచి వస్తూ నేరుగా బొబ్బిలికి వచ్చాడు. ఆడపిల్లల హోము కాబట్టి మగవాళ్ళని లోపలికి రానివ్వరు. గేటు బయట ఎండలో నిలబడ్డాడు. సముద్రం ఎండకి నల్లబడి, గడ్డం పెరిగి ఉన్నాడు. అమ్మ గేటు దాకా వెళ్ళి ఊచల మధ్య నుంచి మాట్లాడి వచ్చింది. నన్ను పంపితే, ఊచల్లోంచే నా బుగ్గ పట్టుకుని, "బాగా పెడతన్నారా?" అని అడిగాడు. మా అమ్మ దగ్గరుండి పెట్టించే తిండి గురించి మా అయ్య పరాయివాడిలా అడుగుతున్నాడని నవ్వొచ్చింది. లోపలికొచ్చాక ఒక పెద్దపిల్ల నన్ను ఓదారుస్తున్నట్టు భుజం మీద చెయ్యి వేసి, "మీ వోల్లు అప్పుడప్పుడేనా వస్తారు, నయం," అంది. నేను ఏడవడం లేదు. ఆమె అన్న తర్వాత ఏడుపు వచ్చింది.

సింహాచలం వచ్చింది ఆ తర్వాతే. రాయగడ వైపు నుంచి వచ్చే పాసింజరు బోగీలు ఊడ్చి అడుక్కునే తల్లితో కలిసి బొబ్బిలి ప్లాట్‌ఫారం మీద ఉండేది. హోములో పనిచేసే ఒక అక్క, ఆ తల్లితో చాలాసార్లు మాట్లాడి ఒప్పించి తెచ్చింది. వచ్చిన మొదటి రోజే అందరికీ తెలిసిపోయింది, ఈ పిల్ల మా అమ్మని అమ్మా అనదని. "ఏటండీ" అనేది. వంటమనిషి, అలా అనకూడదే, అమ్మా అను అంటే, "నాకు అమ్మ ఉన్నాది. స్టేషన్లో ఉన్నాది," అనేది. తక్కిన పిల్లలకి కోపం వచ్చింది. నాకు మాత్రం ఎవరో కిటికీ తెరిచినట్టు అనిపించింది. ఒక మనిషి తక్కువైంది కదా ఆ పిలుపుకి. నేను వెళ్ళి దాని పక్కన చాప వేసుకున్నాను.

గురువారం సంత. ఆ రోజు సింహాచలం తల్లి హోముకి ఎదురుగా టీ కొట్టు పక్కన వచ్చి కూర్చునేది. తల మీద కొంగు, పక్కన సీసాల సంచి. లోపలికి రమ్మని మా అమ్మ స్వయంగా వెళ్ళి పిలిచేది. "వద్దమ్మా, బట్టలు మాసిపోయున్నాయి," అని అక్కడే ఉండేది. సింహాచలం రోడ్డు దాటి వెళ్ళి పక్కన కూర్చునేది. ఆమె కూతురి తల వాసన చూసేది, జడ విప్పి మళ్ళీ వేసేది, మా అమ్మ వేసిందాన్ని. కాగితం పొట్లంలో వేడి పకోడీలు తెచ్చేది. సింహాచలం అందులో సగం నాకోసం దాచి తెచ్చేది. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఆమె ముఖం సరిగా ఎప్పుడూ చూడలేదు. కొంగు, వేళ్ళు, జడ అల్లే తీరు, అంతే నాకు తెలుసు. మా అమ్మ ఒక్కోసారి వరండాలో నిలబడి అటే చూసేది. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు ఏదో ఒకటి చెప్పడం ఇష్టం లేదు.

చలికాలం వెళ్ళేవేళకి ఆమె రావడం మానేసింది. ఒక గురువారం రాలేదు, తర్వాతి గురువారమూ రాలేదు. స్టేషన్లో అడిగితే విజయనగరం వైపు పోయిందని ఒకరు, రాయగడ పోయిందని ఒకరు అన్నారు. మా అమ్మ తెలిసినవాళ్ళ ద్వారా కబురు పెట్టింది, జవాబు రాలేదు. సింహాచలం అన్నం వదిలేయలేదు, ఏడవలేదు, కాకపోతే కాజాలు కుడుతూ కుడుతూ ఆగిపోయేది. ఒక మధ్యాహ్నం బడిలో అన్నం గంట కొట్టాక, "నాను ఇజినారం ఎల్తన్నాను. వస్తావేటి?" అంది. ఎందుకు సరే అన్నానో నాకు తెలియదు. దానికోసం వెళ్ళానా, మా అమ్మ నన్ను వెతుక్కుంటుందా లేదా చూడడానికి వెళ్ళానా, ఎన్నిసార్లు ఆలోచించినా రెండూ కలిసిపోయే కనిపిస్తాయి.

రైలు సంగతులన్నీ దానికి తెలుసు. తలుపు దగ్గర కూర్చోకూడదని, టీసీ వస్తే ఎవరో పెద్దావిడ పక్కన జరిగి కూర్చోవాలని నాకు చెప్పింది. గజపతినగరం దాటాక మొదటిసారి భయం వేసింది. విజయనగరం ప్లాట్‌ఫారం మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. చివర్న నీళ్ళ కుళాయి దగ్గర ఒకావిడ ఖాళీ సీసాలు కడుగుతోంది. తల గుండు చేయించుకున్నట్టుంది, జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. సింహాచలం ఒక్క క్షణం ఆగింది, తర్వాత "అమ్మా" అని పరుగెత్తింది. ఆవిడ తలెత్తింది. సింహాచలాన్ని చూసింది, వెనక ఉన్న నన్ను చూసింది, మా ఇద్దరి బడి గౌన్లు చూసింది. చేతిలో సీసా మాత్రం వదల్లేదు.

అప్పటికే ఒక రైల్వే కానిస్టేబులు మమ్మల్ని గమనించి వెనకే వస్తున్నాడు. "ఈ పిల్ల నీదేనా?" అని ఆవిడని అడిగాడు.

"నా పిల్ల కాదు బాబూ. బడికెల్లే పిల్లలాగున్నారు. నాకలాటి పిల్లలెక్కడుంతారు?"

"అమ్మా అంటంది కదే మరి?"

"ఎవల్ని సూసి ఎవలనుకున్నాదో. ఆల్ల వోల్లకి అప్పగించండి బాబూ. ఇక్కడొగ్గీకండి."

సింహాచలం ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను ఆవిడ చేతులకేసి చూశాను, జడ అల్లే వేళ్ళేనా అని. నీళ్ళకి నాని తెల్లగా ఉన్నాయి, పోల్చుకోలేకపోయాను. సింహాచలం కానిస్టేబులు వైపు తిరిగి, "మాయమ్మ కాదండి. పొరపడ్డాను," అంది. ఆవిడ మళ్ళీ వంగి సీసాలు కడగడం మొదలుపెట్టింది. మేం వెళ్తుంటే కుళాయి నీళ్ళ చప్పుడు చాలాదూరం వినిపించింది. కడగడానికి అన్ని సీసాలు అక్కడ లేవని నాకు అనిపించింది, లెక్కపెట్టలేదు.

స్టేషన్లో ఒక గదిలో మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, హోముకి ఫోను చేశారు. పొద్దు వాలకముందే మా అమ్మ బస్సులో వచ్చింది. చెప్పులు మట్టికొట్టుకుని, కొంగు నడుముకి చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమెను చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కుర్చీలో ఉన్న పోలీసాయన, "ఎవలమ్మా ఈ పిల్లలు?" అన్నాడు.

"మా హోమ్ పిల్లలు బాబూ," అంది అమ్మ.

"ఇద్దరూనా?"

"ఇద్దరూనూ."

నా ఏడుపు ఆగిపోయింది. అమ్మ నా వైపు చూసిందా లేదా గుర్తు లేదు. ఆ మాటే గుర్తుంది. ఒకే రోజు, ఒకే స్టేషన్లో, ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని కాదన్నారని ఆనాడు నాకు తోచింది. పక్కకి చూస్తే సింహాచలం నా కేసే చూస్తోంది. నా సంగతి దానికి అర్థమైందనుకున్నాను. దాని సంగతి నాకు అర్థమైందనీ అనుకున్నాను. ఆ రోజు నుంచి దానితో నేను అక్కచెల్లెళ్ళలా ఉన్నది ఆ నమ్మకం మీదే.

తర్వాత సంగతులు తొందరగా చెప్పేయవచ్చు. ఆమె తల్లి మళ్ళీ ఏ గురువారమూ రాలేదు. సింహాచలం పది పాసవలేదు గానీ అప్పలస్వామి మాస్టారి దగ్గర కత్తెర పట్టింది. బడి యూనిఫారాలు కుట్టే చోట కొన్నేళ్ళు పనిచేసి, శృంగవరపుకోటలో సొంతంగా మొదలుపెట్టింది. ఇప్పుడు బస్టాండు దగ్గర దొరికిన ఇద్దరు ఆడపిల్లలకి దుకాణం వెనక గదిలోనే చోటిచ్చి పని నేర్పుతోంది. వాళ్ళని పొద్దున బడికి పంపి, సాయంత్రం మిషను ముందు కూర్చోబెడుతుందట. నేను చదువుకుని టీచరునయ్యాను. హోము మూతపడింది. ఆ మధ్య అటు వెళ్తే ఆ ఇంట్లో సిమెంటు బస్తాలు పెట్టి ఉన్నాయి, వరండాలో ఎవరిదో స్కూటరు ఉంది. ఇప్పుడు మా బడిలో కూడా హాస్టలు పిల్లలు ఉంటారు. పుస్తకాలు పంచే రోజున నేను ఎవరినీ వేరుగా నిలబడమని చెప్పను, వరసగా పేర్లు పిలుస్తాను. అప్పటికన్నా ఇది మెరుగని నాకు తెలుసు. అయినా తల్లి గేటు లోపలే ఉన్న నేనూ, తల్లి గేటుకి అవతల ఉండే పిల్లలూ ఒకే అంబలి తాగిన ఆ వరండాలో ఏదో ఉండేది, దానికి పేరు పెట్టలేను. అది మంచిదా చెడ్డదా అంటే అదీ చెప్పలేను.

పనసతొనలు వలుస్తూ సింహాచలం ఆ మాట అన్నాక నేను చాలాసేపు వాదించాను. మరి పరుగెత్తి అమ్మా అని ఎందుకు పిలిచావు అన్నాను. "గుండు కదే. ముందు అలాగ తోచినాది, దగ్గరకెల్లాక కాదని తెలిసినాది. మాయమ్మకి ఇక్కడ మచ్చ ఉంతాది," అని గడ్డం చూపించింది. ఆవిడకి మచ్చ ఉందో లేదో నేను చూడలేదు. అప్పుడు తన పరువు కోసం అలా అన్నదనుకున్నాను. ఇప్పుడు ఆమె ముఖంలో పరువు గానీ బాధ గానీ ఏమీ కనిపించలేదు. నిజంగా కాదేమో. లేక చెప్పగా చెప్పగా కాకుండా పోయిందేమో. అడిగి తేల్చుకోవడానికి నాకేం హక్కుందని ఊరుకున్నాను.

మరి నా సంగతి తేల్చుకుందామని అమ్మ వైపు తిరిగి, ఆ రోజు పోలీసాయనతో నన్ను కూడా హోమ్ పిల్లే అని ఎందుకన్నావని అడిగాను. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదలు. నా పిల్ల అంటే నన్నొక్కదాన్నే వదిలి సింహాచలాన్ని ఇంకెక్కడికైనా పంపిస్తారని భయపడి ఉంటుందని నేను పెద్దయ్యాక ఎన్నోసార్లు ఊహించుకున్నాను. అదే చెబుతుందనుకున్నాను. అమ్మ నూనె చేతుల్ని పేపరుకి తుడుచుకుంటూ, "అలాగన్నానా నాను?" అంది. ఈసారి ప్రశ్నకి ప్రశ్న వేయడం కాదు, నిజంగానే గుర్తు లేదు.

"నాకు తెల్సింది ఒకటే," అంది. "ఇద్దరూ మజ్జాన్నం కాడనించి ఏటీ తిన్లేదు. ప్లాట్‌ఫారం మీద పూరీలు కొని పెట్టాను."

"బంగాళాదుంప కూర," అంది సింహాచలం వెంటనే. "అడ్డాకులో పెట్టాడు. ఇది నా ఆకులోది కూడా తినీసినాది."

"తినీసి రైలెక్కినకాడ నుంచి నా ఒల్లోనే తొంగున్నాది," అంది అమ్మ నన్ను చూపిస్తూ. "అంత పెద్ద ఆడగుంట. బొబ్బిలి వచ్చినాక దింపుదామంటే నా కొంగు ఒగ్గలేదు. పిడికిట్లో పట్టీసి ఉంచీసినాది. నువ్వే కదే దీని ఏల్లు ఒక్కోటీ తీసినావు?"

"తీస్తే మళ్ళీ పట్టుకునీది," అంది సింహాచలం.

ఇద్దరూ నవ్వారు. నేను నా చేతుల కేసి చూసుకున్నాను. పూరీ రుచి గానీ, రైలు గానీ, కొంగు గానీ, ఎంత వెతికినా నాకు ఏమీ గుర్తుకు రాలేదు.